గంట నొప్పికే

ఆ రోజు నిద్రపోతున్న ఒక నర్సమ్మను చెంపమీద కొట్టాను. తాడేపల్లిగూడెం స్టేషన్ వెయిటింగ్ రూములో మా అన్నయ్య గుండె పట్టుకుని బల్లమీంచి పడిపోయాడు. మూలన ఆమె తెల్లచీరలో కూర్చునే నిద్రపోతోంది. ఎంత అరిచినా, బయట బండి గంట కొట్టినా కదల్లేదు. రెండో దెబ్బకు పెదవి చిట్లి నెత్తురు కారింది.

ఆమె లేచి నన్ను చూడనైనా చూడలేదు. అన్నయ్య చొక్కా చింపి, తన భుజానికి ఆనించి కూర్చోబెట్టింది. అతని ఊపిరి కుదుటపడ్డాకే పెదవి తుడుచుకుంది.

"క్షమించండమ్మా," అన్నాను.

"ఏలూరులో మా గుండెజబ్బు వాళ్ళ వార్డులో మంచానికో గంటండీ. మంచినీళ్ళకీ అదే, దోమలకీ అదే, నొప్పికీ అదే. వినీ వినీ చెవులు మొద్దుబారిపోయాయండీ. మొన్న ఒకాయన గంట కొడుతూ కొడుతూనే పోయారు. నేను పక్కగదిలోనే ఉన్నాను. అప్పుడు నన్నెవరూ కొట్టలేదండీ."

అన్నయ్యను ఆ వార్డులోనే చేర్చాను. డాక్టరుగారిని బతిమాలి ఒక కొత్త పద్ధతికి ఒప్పించాను. గంట నొప్పికే కొట్టాలి, మిగతా వాటికి మంచం కమ్మీకి తువ్వాలు కట్టాలి. తువ్వాలు కనబడితే నీళ్ళ చెంబుతో నేనే వెళ్ళేవాణ్ణి. అన్నయ్య ఇంటికి వెళ్ళిపోయాక కూడా ఆ పని మానలేదు.

ఒక మధ్యాహ్నం గంట మోగింది. ఆమె నన్ను పక్కకు నెట్టి పరుగెత్తింది. నా చేతిలో చెంబు కిందపడి దొర్లింది.