హెప్సిబా టీచరు నోరు మెదిపిన డాక్యుమెంటరీలు

హెప్సిబా టీచరు ఒక డాక్యుమెంటరీ బాగుందనడం హనుమకొండలో ఎవరూ రెండుసార్లు వినలేదు. ముప్పై రెండేళ్లు మిషన్ బడిలో పిల్లలకు పాటలు నేర్పి రిటైరైన మనిషి. ఆదివారం పొద్దున చర్చిలో హార్మోనియం వాయిస్తుంది. ఇంటికొచ్చి ఇంత తిని, మధ్యాహ్నం నయీంనగర్‌లో ఒక ట్యూషన్ సెంటరు మేడ మీద జరిగే ఫిల్మ్ క్లబ్బుకు పోతుంది. ఆ క్లబ్బు నడిపే మహిపాల్ సారు ఒకప్పుడు కెమిస్ట్రీ లెక్చరరు. సంగీతం మీద ఏ డాక్యుమెంటరీ వెయ్యాలన్నా ముందు లింకు టీచరుకు పంపిస్తాడు. పంపించి మాటలు పడతాడు.

ఒక సితారు విద్వాంసుడి మీద గంటన్నర తీసినదాన్ని చూసి ఆమె క్లబ్బు వాట్సాప్ గ్రూపులో పెట్టిన మాటలు ఇవి: "ఆయన వేళ్లు ఒక్కసారి కూడా సరిగా చూపించలేదు. ఆయన కుక్కను నాలుగుసార్లు చూపించారు. కుక్కలంటే ఇష్టమున్నవాళ్లు చూడొచ్చు." ఇంకో గాయకుడి మీద తీసినదాంట్లో ఆయన కారు అద్దంలోంచి వాన చూస్తూనే ఉంటాడట, పాడడట. పాట ఎత్తుకోగానే ఎవరో ఒక పెద్దమనిషి పుస్తకాల బీరువా ముందు కూర్చుని ఆ పాట ఎంత గొప్పదో చెబుతాడు. పాట మాత్రం ఆ పెద్దమనిషి గొంతు కింద నలిగిపోతుంది. అది చూస్తే టీచరుకు ఒళ్లు మండుతుంది.

ఆమె చూడమన్నది ఒక్కటే. సన్నాయి పీకలు చెక్కే ముసలాయన మీద ఎవరో తీసిన పాత నలుపు తెలుపు రీలు. అందులో ఎవరూ మాట్లాడరు, అందుకని.

పోయిన వానాకాలం మహిపాల్ సారు పాత శిష్యుడు వినయ్ హైదరాబాదు నుంచి తన సినిమా పట్టుకుని వచ్చాడు. వర్ధన్నపేట దగ్గర పల్లెలో నాట్ల పాటలు పాడే చిలుకమ్మ మీద తీశాడు. పేరు 'మట్టి సంతకం'.

"మట్టికి సంతకమేంది సార్?" అంది టీచరు పోస్టరు చూసి.

"జర నిమ్మలంగ ఉండుండ్రి మేడం. పిలగాడు కష్టపడి తీసిండు," అన్నాడు మహిపాల్ సారు.

డెబ్బై ఏళ్ల చిలుకమ్మను కారులో తీసుకొచ్చి ముందు వరసలో టీచరు పక్కనే కూర్చోబెట్టారు. సినిమా మొదలైంది. మొదట డ్రోను పొలాల మీద తిరిగి తిరిగి అలసిపోయింది. తర్వాత చిలుకమ్మ తెరమీద నోరు తెరిచింది. రెండో చరణానికి పిల్లనగ్రోవి వచ్చి పడింది. ఆ వెనకే ఒక ప్రొఫెసరు వచ్చి శ్రమలో ఉన్న సౌందర్యం గురించి చెప్పసాగాడు. ఆయన చెబుతున్నంతసేపూ చిలుకమ్మ గట్టు మీద నిలబడి, మెల్లమెల్లగా తల తిప్పి, దిగిపోతున్న సూర్యుణ్ణి చూసింది.

పక్క కుర్చీలోని చిలుకమ్మ టీచరు చెవి దగ్గరకు వంగింది. "పొద్దుగూకేటాల్లకు గట్టు మీద నిలవడి నేనేం జూస్త టీచరమ్మా? ఇంటికి వొయ్యి వంట జెయ్యద్దా? ఆ పిలగాడే నిలవడుమన్నడు."

సినిమా అయిపోయాక మహిపాల్ సారు భయపడుతూనే మైకు టీచరు చేతికిచ్చాడు.

"యాభై నిమిషాల సినిమాల ఒక్క పాట సుత మొదటికెల్లి చివరిదాకా ఇనవడలే," అంది టీచరు. "ఆ ప్రొఫెసరు మీదనే తియ్యకపోయినవా బిడ్డా? ఈ పెద్దమనిషిని వర్ధన్నపేటకెల్లి ఇంత దూరం తెచ్చుడెందుకు?"

వినయ్ ముఖం కందిపోయింది. "పూర్తి పాట పెడితే ఎవరూ చూడరు మేడం. ఇరవై ఆరు నిమిషాలుంటది."

"నీ దగ్గర ఉన్నదా?"

"హార్డ్ డిస్కులో ఉంది."

"అయితే వచ్చే ఆదివారం అదే వెయ్యి. చూడుమని అందరికి నేనే చెప్త."

టీచరు రెండోసారి ఒకదాన్ని చూడమనడమే పెద్ద వార్త. తరువాతి ఆదివారం చిలుకమ్మను మళ్లీ కారులో తీసుకొచ్చారు. కుర్చీలు చాలక కొందరు గోడకు ఆనుకుని నిలబడ్డారు. తెర మీద మడి, వంగిన నడుములు, చిలుకమ్మ గొంతు. అంతే. కెమెరా కదలదు. పది నిమిషాలకు ఒకరు ఫోను తీశారు. ఇద్దరు చాయ్‌కని లేచారు, మళ్లీ రాలేదు. కాసేపటికి సగం హాలు ఖాళీ అయింది.

టీచరు వెళ్లేవాళ్ల వీపుల వంక అసహ్యంగా చూసింది. పాట వినే ఓపిక లేనివాళ్లకు సంగీతం మీద సినిమాలెందుకు? ఇళ్లల్లో కూర్చుని సీరియళ్లు చూసుకోవచ్చు కదా! అంతలోనే ఒక సంగతి తట్టి ఆమె చెంపలు వేడెక్కాయి. చాలాసేపటి నుంచి తాను పాట వినడం లేదు. తలమీద ఫ్యాను చేసే కిరకిర శబ్దం వింటూ, పొయ్యి మీద పప్పు దించానా లేదా అని ఆలోచిస్తోంది.

"ఆపుండ్రి," అంది చిలుకమ్మ.

వినయ్ ఆపాడు.

"ఆడ దమ్ము అందక చరణం మింగిన. ఎన్కది మళ్లా పాడిన. గది గూడ జనానికి జూపెడ్తరా? నా ఇజ్జత్ ఏంగావాలె?"

"మొత్తం ఉండాలని నేనే అన్న అమ్మా," అంది టీచరు. "పాటను కోసుడు తప్పు గదా."

చిలుకమ్మ ఆమెను వింతగా చూసింది. "మడి అయ్యేదాకా నడుము నొప్పి తెల్వకుండ ఉండాలని గంతసేపు పాడ్తం తల్లీ. కుర్సీల కూసున్నోళ్లకు గంత పాటెందుకు? ఈడ ఎవలన్న నాటేస్తాండ్రా?"

మిగిలినవాళ్లంతా నవ్వారు. బడిలో ముప్పై రెండేళ్లలో టీచరుకు ఎవరూ ఇలా ఎదురు చెప్పలేదు. కోపం వచ్చింది గానీ ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు.

"అయితే ఏడ కోద్దామో నువ్వే చెప్పు," అంది చివరికి.

వినయ్ ల్యాప్‌టాప్ తెరిచాడు. చిలుకమ్మ వేలు చూపిస్తూ పోయింది. గిది తీసెయ్యి, గిది ఉంచు, గీడ వంత పాడే ఎల్లమ్మ దగ్గింది, తీసెయ్యి. మొదటి సినిమాలోది ఏమైనా కావాలా అని వినయ్ అడిగితే ఆమె కొంచెం సిగ్గుపడింది. "ఆ పిల్లంగోవి ఆఖర్ల కొంచెం పెట్టు కొడుకా. మంచిగున్నది."

టీచరు కళ్లు మూసుకుంది.

తొమ్మిది నిమిషాలది తయారైంది. వినయ్ దాన్ని యూట్యూబులో పెట్టాడు. టీచరు గ్రూపులో రాసింది: "చూడండి. ఎనిమిదో నిమిషంలో సౌండు తీసెయ్యండి." ఆ రెండో వాక్యం తీసెయ్యమని మహిపాల్ సారు బతిమిలాడాడు. తియ్యలేదు.

నాలుగు రోజులకు చిలుకమ్మ ఫోను చేసింది. ఊళ్లో నాట్లు వేసే ఆడవాళ్లంతా ఒక్క ఫోను చుట్టూ చేరి చూశారట. వంత పాడినవాళ్ల గొంతులు చిన్నగా ఉన్నాయని ఒకామె, తన ముఖం సగమే పడిందని ఇంకొకామె, ఎల్లమ్మ దగ్గు తీసేసినందుకు ఎల్లమ్మ. అందరూ కోపంగా ఉన్నారు.

"ఒక్కొక్కటి చెప్పమ్మా, రాసుకుంటాన," అంది టీచరు. కాగితం నింపి, వినయ్‌కు ఫోను కలిపి, వరసగా చదివి వినిపించింది.

"మళ్లీ చేసి పంపిస్త మేడం," అన్నాడు వినయ్ నీరసంగా.