కంప్యూటరు గుండా కడియం దాకా

మొన్న మా అమ్మాయి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అల్లుడుగారు కొత్తగా కొన్న గేమ్ డబ్బాను టీవీ పక్కన పెట్టి, ప్లగ్గు గుచ్చి, పాస్‌వర్డ్ కొట్టి, నేను కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేలోపలే దాన్ని ఇంటర్నెట్‌కు కలిపేశారు. ఒక్క వైరు లేదు. ఎవర్నీ అడిగిందీ లేదు. అంతేనా అన్నట్టు చూస్తే, ఇంకేం ఉండాలన్నట్టు ఆయన నావైపు చూశారు. ఇందులో ఆశ్చర్యపడేదేముందో నా ఈడువాళ్ళకు తప్ప అర్థం కాదు కనుక మీతోనే చెబుతున్నాను. అదే పనికి ఒకప్పుడు నాకు మూడు వారాలు పట్టింది.

అప్పటికి నేను ముప్పై దాటి, రావులపాలెంలో అరటి గెలల వ్యాపారం చేసుకుంటున్నాను. అక్కను కడియం ఇచ్చాం. బావగారికి అక్కడ నర్సరీ ఉండేది. మొక్కల తర్వాత ఆయనకు క్రికెట్టంటే ప్రాణం, అందుకని క్రికెట్ ఆట ఉన్న గేమ్ డబ్బాలు ఒకేసారి రెండు కొని, ఒకటి తనింట్లో ఉంచుకుని, అత్తారింటికొస్తే ఆట ఆగకూడదని రెండోది మా హాల్లో పెట్టారు. ఆదివారం అక్కను బండి మీద ఎక్కించుకుని వచ్చేవారు. భోజనాలయ్యాక మేమిద్దరం టీవీ ముందు కూర్చుంటే, అక్కా అమ్మా వంటింట్లో కూర్చునేవారు, ఎవరి లోకం వారిది.

ఆ రోజులు మా చెల్లెలి పెళ్ళితో పోయాయి. పెళ్ళిలో అందరినీ పిలిచి ఫోటో తీయించే పని నాది. ఎవరెవరినో, ముఖం గుర్తున్నవాళ్ళనీ లేనివాళ్ళనీ కూడా స్టేజీ ఎక్కించాను గానీ, ఇంటి పెద్దల్లుడిని పిలవడం మరిచిపోయాను. ఆయన చేతులు కట్టుకుని చాలాసేపు కింద నిలబడి చూశారట, తర్వాత భోజనం చెయ్యకుండానే వెళ్ళిపోయారు. మర్యాద అంటే మనవైపు ఎంత పట్టింపో మీకు చెప్పనక్కర్లేదు. మర్నాడే వెళ్ళి చేతులు పట్టుకుని ఉంటే సరిపోయేది, కానీ నాక్కూడా రోషమొచ్చింది. అంతమందిలో ఒక్కరిని మరిచిపోతే అంత నేరమా అనుకున్నాను. అలా రెండిళ్ళ మధ్య మాటల్లేకుండా పోయాయి, అక్క పుట్టింటి గడప తొక్కడం మానేసింది. రెండు వేసవుల ఆవకాయ, అక్క వాటా, జాడీల్లో అలాగే ఉండిపోయింది. అమ్మ వాటిని ఎవరికీ పెట్టలేదు, నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

అక్క మాత్రం అప్పుడప్పుడూ అమ్మకు ఫోన్ చేసేది. బావగారు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఊరూ పేరూ తెలియని వాళ్ళతో క్రికెట్ ఆడుతున్నారని ఒకసారి అమ్మతో చెప్పింది. ఆ మాట నన్ను పట్టుకుంది. మాట్లాడకూడదు గానీ, ఆడకూడదని ఎవరూ అనలేదు కదా.

చిక్కేమిటంటే, మా ఇంటికి నెట్టు తెచ్చే వైరు లోపలి గదిలో ఉన్న కంప్యూటరు దాకానే వచ్చేది, గేమ్ డబ్బా హాల్లో ఉండేది. కంప్యూటరులో ఇంకో కార్డు వేయిస్తే దాని గుండా డబ్బాకూ నెట్టు వస్తుందని రాజమండ్రిలో కంప్యూటర్ల షాపాయన చెప్పాడు. పై చేలోంచి కింది చేలోకి నీళ్ళు పెట్టడం లాంటిదేనన్న మాట, నాకు అలాగే అర్థమైంది. కార్డు వేయించి, వైరు కొనుక్కొచ్చి, గుమ్మానికి తోరణం కట్టే మేకులకు చుట్టి హాల్లోకి లాగితే ఏమీ రాలేదు. ఇలా రెండింటినీ నేరుగా కలపడానికి, ఒక కొసన లోపలి తీగల వరస మార్చి బిగించిన వైరు కావాలట. అది తేవడానికి మళ్ళీ గోదావరి దాటాను. ఆ తర్వాత కంప్యూటరులో ఎక్కడో మూలనున్న ఒక గడిలో టిక్కు పెట్టాలని తెలియడానికి ఇంకో వారం పట్టింది. పెట్టిన క్షణాన డబ్బాకు నెట్టొచ్చింది, నేను ఒంటరిగా హాల్లో నిలబడి చప్పట్లు కొట్టుకున్నాను.

ఆటలో బావగారు పెట్టుకున్న పేరు అక్క చెప్పింది. రమ్మని కబురు పంపితే మూడు రోజులు బెట్టు చేసి, నాలుగో రోజు ఒప్పుకున్నారు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం, గంట ప్రయాణం దూరంలో ఉన్న మేమిద్దరం, ఏ దేశంలోనో ఉన్న కంప్యూటర్ల మీదుగా ఆడుకునేవాళ్ళం. మాట్లాడే మైకు ఇద్దరికీ ఉంది, ఇద్దరం పెట్టుకోలేదు.

ఒక ఆదివారం ఆఖరి ఓవరు. బావగారికి ఆరు పరుగులు కావాలి, బంతి వెయ్యబోతుండగా ఆట ఆగిపోయింది. గదిలోకి పరుగెత్తి చూస్తే కంప్యూటరు ఆగి ఉంది, దాని మీద తువ్వాలు కప్పి ఉంది.

"ఎవరూ లేని గదిలో అదలా గుర్రుమంటూ తిరుగుతుంటే కట్టేశాన్రా, కరెంటు దండగ కాదేంటి?" అంది అమ్మ.

హాల్లో ఆడే ఆటకు గదిలో కంప్యూటరెందుకో ఆవిడకు ఎవరు చెప్పారు కనుక. కాసేపటికి అక్క ఫోన్ చేసింది, గొంతులో ఏడుపుంది.

"ఓడిపోతానని పారిపోయావంటున్నార్రా మీ బావగారు. ఇంక ఈ జన్మలో మీ ఇంటి ఊసెత్తొద్దంటున్నారు."

ఒక అవమానం మీద రెండోది పడింది. ఈసారి తప్పు నాది కాదు, అది చెప్పడానికి మాత్రం నేను నోరు విప్పక తప్పదు. బావగారి నంబరు కొట్టాను.

"బావగారూ, నేనండి. అమ్మ కంప్యూటరు కట్టేసిందండి. దాన్లోంచే నాకు నెట్టు వచ్చేది."



"అత్తయ్యగారా? కరెంటు దండగనా?" అని ఆయన నవ్వడం మొదలుపెట్టారు, ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు. ఆ నవ్వులోనే, ఫోటో సంగతి నాదే తప్పని అనేశాను. తేలిగ్గా వచ్చేసింది. పై ఆదివారం ఇద్దరూ వచ్చారు. అమ్మ రెండు జాడీలూ తెచ్చి అక్క ముందు పెట్టింది. నేను పెరట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను.

అమ్మ పోయి ఆరేళ్ళవుతోంది. కిందటి ఏడు కుటుంబం గ్రూపులో నేను రాసిన ఒక మాటకు చెల్లెలికి కోపమొచ్చి నాతో మాటలు మానేసింది. నేను రాసినది తను చదివినట్టు నాకు తెలుస్తూనే ఉంటుంది, తను ఎప్పుడు ఫోన్ తీసి చూసిందో కూడా తెలుస్తుంది. నేనే ఫోన్ చెయ్యొచ్చు. ఇంతవరకు చెయ్యలేదు. ఇప్పుడు మా ఇళ్ళల్లో లైను ఒక్క క్షణం కూడా తెగదు, మధ్యలో వచ్చి కట్టెయ్యడానికి అమ్మ లేదు.