చీకటాయన కుక్క ఎవరి మాట వింది

బోర్డు రాసేవాడు నిచ్చెనెక్కి తమ్ముడి పేరులో ఆఖరి అక్షరం దిద్దుతున్నప్పుడు, అన్న లోపల ఎర్రబల్బు కింద ఎవరివో పెళ్లి ఫొటోలు కడుగుతున్నాడు. బయట ఏం జరుగుతోందో ఆయనకు తెలియదు. తెలియకుండా చేశారంటేనే సబబు. చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి రంగు సగం ఆరింది. స్టూడియో పేరు పైన, తమ్ముడి పేరు కింద. పదేళ్లుగా చీకటిగదిలో ప్రింట్లు తీసిన పెద్దకొడుకు పేరుకు ఆ బోర్డు మీద చోటు లేదు.

"ఇదేంటి నాన్నా?" అన్నాడు.

"ఫొటోవాడంటే వచ్చినవాణ్ణి నవ్వించాలిరా. నీ ముఖం చూస్తే నవ్వేవాడు కూడా ఇంట్లో ఎవరో పోయారనుకుంటాడు. వాడు బయట ఉంటాడు, నువ్వు లోపల ఉండు. ఇద్దరిదీ ఒకే కొట్టు కదా" అన్నాడు తండ్రి. అక్కడే ఉన్న టీకొట్టాయన పకపకా నవ్వాడు. బోర్డు రాసేవాడు నవ్వలేదు. అడిగితే ఇంకో పేరు రాయడానికి సిద్ధంగా బ్రష్షు పట్టుకుని కాసేపు చూశాడు. ఎవరూ అడగలేదు. నిచ్చెన దిగి వెళ్లిపోయాడు.

ఎప్పుడు చూసినా చీకటిగదిలోనే ఉండేవాడని వీధివాళ్లు అన్నకు పెట్టిన పేరు చీకటాయన. బోర్డుకెక్కని మనిషికి నోళ్లలో ఆ పేరే స్థిరపడింది. తర్వాత కొత్త కెమెరాలొచ్చాయి, కంప్యూటరొచ్చింది, ఫొటోలు కడిగే పనే లేకుండా పోయింది. తమ్ముడు చీకటిగదికి కిటికీ పెట్టించి, గోడకు నిలువుటద్దం తగిలించి, జనం తల దువ్వుకునే గది చేశాడు. ఆ అద్దంలో తనను తాను చూసుకున్న రోజే అన్న స్టూడియో మెట్లు దిగేశాడు. దిగినవాడు పశువుల ఆసుపత్రిలో అటెండరుగా చేరాడు.

అక్కడ ఆయన పని పట్టుకోవడం. డాక్టరమ్మ సూది వేస్తుంది, ఆయన కుక్కను పట్టుకుంటాడు. మెడ కింద ఒక చెయ్యి, పొట్ట కింద ఒక చెయ్యి వేసి ఛాతీకి అదుముకుంటాడు. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, సూది వేసిన డాక్టరమ్మను కుక్కలు మరుసటిసారికి మరిచిపోయేవి. పట్టుకున్న ఈయన్ని మాత్రం గేటు దగ్గర నుంచే గుర్తుపట్టి మొరిగేవి.

"చూశావా, వీటిక్కూడా నేనే లోకువ" అనేవాడు ఇంటికొచ్చి భార్యతో.

"మీరు కుక్కల్ని కూడా తమ్ముడి లెక్కలో కలిపేశారా?" అనేది ఆవిడ.

ఆ ఇల్లాలి నోరు కాస్త వాడి. మనసు మెత్తన. ఆసుపత్రి గేటుకు ఎవరో కట్టేసి పోయిన కాలు విరిగిన గోధుమరంగు కుక్కను ఆయన ఇంటికి తెచ్చినప్పుడు, "మూల చేరి అలిగి కూర్చునేవాళ్లు ఈ ఇంట్లో ఒక్కరు చాలరా?" అంటూనే పాత దుప్పటి మడిచి వేసింది. కాలు అతుక్కుంది గానీ నడకలో ఈడుపు పోలేదు. దాన్ని కుంటిపిల్ల అని పిలిచారు. ఆయన్ని చూసి మొరగని మొదటి కుక్క అది.

దానికి పడుకోవడం నేర్పాలని ఆయనకు బుద్ధి పుట్టింది. మాట చెబితే పడుకునే కుక్క ఉంటే ఆసుపత్రిలో పట్టుకునే పనే ఉండదని డాక్టరమ్మ ఒకసారి అంది. అదే పట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే పెరట్లో గచ్చు మీద మోకాళ్లూనేవాడు. గుప్పిట్లో బిస్కెట్టు ముక్క దాచి దాని ముక్కు ముందు పెట్టి, మెల్లగా నేలకు దించుతూ "పడుకో" అనేవాడు. మొదట్లో దాని ముక్కు కిందికి వచ్చేది, వెనకభాగం పైనే ఉండేది. ఆయన కదిలేవాడు కాదు. గుప్పిలి విప్పేవాడు కాదు. అది పంజాతో గీకేది, నాకేది, మూలిగేది. చివరికి విసుగొచ్చి ముందుకాళ్లు చాపి పొట్ట నేలకు ఆనించగానే గుప్పిలి తెరుచుకునేది. వాన రోజుల్లో కూడా మానలేదు. ప్యాంటు మోకాళ్ల దగ్గర పల్చబడి గచ్చు రంగు తేలింది. భార్య రెండుసార్లు మాసిక వేసి, "దేవుడి ముందు ఇన్నిసార్లు మోకరిల్లి ఉంటే ఈపాటికి ప్రత్యక్షమయ్యేవాడు" అంది.

అలా నేర్పితే నేర్చుకుంది. ఆయన మోకాళ్లు ఆనించి "పడుకో" అనడమే తరువాయి, అది బియ్యంబస్తా జారినట్టు కిందికి జారేది. అప్పుడు చూడాలి ఆయన ముఖం. తండ్రి బతికి ఉండి అది చూసుంటే బోర్డు మార్చేవాడేమో.

ఈ కబురు తమ్ముడి చెవిన పడింది. ఒక సెలవురోజు కెమెరా మెళ్లో వేసుకుని వచ్చాడు. అన్న చూపించాడు. చూపించకుండా ఉండలేకపోయాడు. కుంటిపిల్ల పంజాల మీద గడ్డం పెట్టుకుని కళ్లు పైకెత్తి పడుకుంది. తమ్ముడు తెల్లచొక్కా మాసిపోతుందని కూడా చూడకుండా గచ్చు మీద బోర్లాపడి, దాని కళ్లకు సరిగ్గా ఎదురుగా కెమెరా పెట్టి నొక్కాడు.

"అబ్బ! ఏం చూపన్నయ్యా దీనిది" అన్నాడు లేచి.

ఆ మెప్పు తన నేర్పుకే అనుకుని అన్న పొంగిపోయాడు. వెళ్లేటప్పుడు తమ్ముడికి గొడుగు కూడా ఇచ్చి పంపాడు.

నెల తిరక్కుండానే ఆ ఫొటో స్టూడియో అద్దాల వెనక నిలువెత్తున వెలిసింది. అన్న పని మీద అటుగా వెళుతూ చూసి ఆగిపోయాడు. కుక్క ఉంది. కుక్క కళ్లలో వెలుగుంది. మూలన తన మోకాలు ఉండాలి. ఫొటో తీసినప్పుడు పక్కనే ఉన్నాడు కదా. ఆ మూలను తమ్ముడు కత్తిరించేశాడు. కింద తమ్ముడి పేరు, నీట్‌గా, తెల్ల అక్షరాల్లో.

జనానికి పిచ్చి పట్టింది. కుక్కలున్నవాళ్లందరూ స్టూడియోకు వరసకట్టారు. "ఈయన పడుకోమంటే కుక్కలు పడుకుంటాయట" అని చెప్పుకున్నారు. ఆసుపత్రికి వచ్చిన ఒకావిడ, చీకటాయన చేతుల్లో తన కుక్క గింజుకుంటుంటే, "మీరు ఆ స్టూడియో ఆయన దగ్గర నేర్చుకోవచ్చు కదండీ" అని సలహా ఇచ్చింది. పుండు మీద కారం చల్లడమంటే అదే. ఆ రోజు నుంచి ఆయన ఇంటికి దగ్గరి దారి మానేసి స్టూడియో ముందు నుంచి వెళ్లడం మొదలుపెట్టాడు. చూస్తే మండుతుంది. చూడకపోతే నిద్ర పట్టదు. తమ్ముడి మెట్ల మీద ఎన్ని చెప్పుల జతలున్నాయో చూసి ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చునేవాడు. ముద్ద దిగేది కాదు.

"ఓర్వలేనివాడికి ఒళ్లంతా కళ్లేనట. ఆ మండేదేదో వెళ్లి వాడి ముందే మండండి" అంది భార్య.

వెళ్లాడు. "ఒరేయ్, ఆ కుక్క నాది. నేర్పింది నేను. నలుగురికీ తెలియాలి" అన్నాడు కొట్టు గుమ్మంలోనే నిలబడి.

తమ్ముడు చెడ్డవాడేం కాదు. అదే అన్నకు పెద్ద బాధ. చెడ్డవాడైతే తిట్టి నిద్రపోవచ్చు.

"తప్పే అన్నయ్యా. నాకు తోచలేదు. ఆదివారం దాన్ని తీసుకురా. కుక్కలవాళ్లందరూ వస్తారు. నలుగురి ముందూ నువ్వే పడుకోబెట్టు. ఆ ఫొటో కింద నా పేరు పక్కన నీ పేరు వేయిస్తా. అచ్చు అదే అక్షరాల్లో" అన్నాడు.

ఎన్నేళ్లుగా ఎదురుచూసిన మాట అది! ఆదివారం చీకటాయన ఇస్త్రీ చొక్కా వేశాడు. మాసికలు లేని ప్యాంటు వేశాడు. షూ తుడుచుకున్నాడు. స్టూడియో నడిమధ్య, దీపాల కింద, వెన్ను నిటారుగా పెట్టి నిలబడ్డాడు. ఇన్నాళ్లకు అందరూ తనకేసి చూస్తున్నారు.

"పడుకో" అన్నాడు గంభీరంగా.

కుంటిపిల్ల ఆయన ముఖంలోకి చూసి తోక ఊపింది.

"పడుకో!"

ఇంకాస్త ఊపింది.

"చెవుడేమోనండీ" అంది ఒకావిడ.

"చెవుడు కాదు, మధ్యాహ్నం పడుకునే వచ్చుంటుంది" అన్నాడు ఇంకొకాయన. అందరూ నవ్వారు.

ఆయన మూడోసారి అరిచాడు. కుక్క బెదిరి ఒకడుగు వెనక్కి వేసింది. తమ్ముడికి అన్న అవస్థ చూడలేక, ఏదో ఒక ఫొటో తీసి గండం గట్టెక్కిద్దామని కెమెరా ఎత్తి నేల మీద ఒక మోకాలు ఆనించాడు.

కుంటిపిల్ల గబుక్కున తమ్ముడి వైపు తిరిగి పడుకుంది. పంజాల మీద గడ్డం, పైకెత్తిన కళ్లు.

చప్పట్లు మోగాయి. "చూశారా, నోరు విప్పకుండానే!" అని ఎవరో మెచ్చుకున్నారు. అన్న గొలుసు అందుకుని, ఎవరి ముఖమూ చూడకుండా మెట్లు దిగిపోయాడు. కుక్క హుషారుగా వెనకే కాలు ఈడ్చుకుంటూ నడిచింది.

ఇంట్లో దానితో మాట మానేశాడు. అన్నం పెట్టేవాడు, నీళ్లు పెట్టేవాడు, ముఖం తిప్పుకునేవాడు. "వాడు దీన్నీ లాక్కున్నాడు. ఇంక నీ వంతే" అన్నాడు భార్యతో.

"నన్ను ఫొటోలో కూడా బాగా తియ్యడు మీ తమ్ముడు. నేనెందుకు పోతాను?" అంది ఆవిడ, ఒలికిన పాలు తుడవడానికి గుడ్డ తెచ్చి నేల మీద మోకాళ్లు ఆనిస్తూ.

గుమ్మంలో ఉన్న కుంటిపిల్ల చప్పున పడుకుంది.

ఆవిడ గుడ్డ పట్టుకుని అలాగే ఉండిపోయింది. లేచింది. కుక్కా లేచింది. మళ్లీ మోకాళ్లు ఆనించింది. కుక్కా మళ్లీ పడుకుంది. ఆవిడకు నవ్వు ఆగలేదు.

"అయ్యో నా తండ్రీ! మీరు రోజూ దీని ముందు మోకాళ్ల మీదే కదా కూర్చున్నారు! ఇది నేర్చుకుంది మీ మాట కాదండీ, మోకాలు! మనిషి వంగితే పడుకోవాలనుకుంటోంది పాపం. మీ తమ్ముడూ వంగాడు. మీరు మాత్రం పెళ్లికొడుకులా నిలబడ్డారు!"

ఆయన కాసేపు నమ్మలేదు. పెరట్లోకి వెళ్లి నిలబడి "పడుకో" అన్నాడు. తోక ఊపింది. నోరు మూసుకుని మోకాళ్లు ఆనించాడు. పడుకుంది. నవ్వాల్సిన చోట ఆయనకు ఏడుపొచ్చింది. దాని మెడ చుట్టూ చెయ్యి వేసి చాలాసేపు గచ్చు మీదే ఉండిపోయాడు.

"పోనీలెండి, తెలిసింది కదా. రేపే వెళ్లి వాళ్లందరి ముందూ మోకాలు వంచి చూపించండి. పేరు వేయించుకు రండి" అంది భార్య.

"వాడి కొట్లో? వాడి ముందు నేను మోకాళ్ల మీద కూర్చోవాలా?"

"కుక్క ముందు కదండీ."

"చూసేవాళ్లకు కుక్క కనపడుతుందా, నేను కనపడతానా?"

ఆవిడ చేతిలోని గుడ్డ పిండి దండెం మీద ఆరేసింది. తమ్ముడు రెండుసార్లు కబురు పంపాడు. ఈయన వెళ్లలేదు. నిలబడి చెబితే పడుకునేలా కుంటిపిల్లకు మళ్లీ మొదటినుంచీ నేర్పబోయాడు. అది తోక ఊపి, ఈయన మోకాళ్ల వంక చూసి, ఎప్పుడు వంగుతాడా అని ఎదురుచూసేది. చివరికి ఈయనే వంగేవాడు.

అన్నదమ్ములు ఆఖరుసారి ఎదురుపడింది ఆసుపత్రిలో. ఆ తర్వాత తమ్ముడు కొట్టును పెద్దరోడ్డు మీదికి మార్చాడు. అన్న అటు వెళ్లలేదు, తమ్ముడు ఇటు రాలేదు. ఆ ఆఖరుసారి తమ్ముడు తన కొత్త నల్లకుక్కపిల్లను సంకన పెట్టుకుని సూదికి తెచ్చాడు. అన్న మామూలుగానే మెడ కింద ఒక చెయ్యి, పొట్ట కింద ఒక చెయ్యి వేసి అదుముకున్నాడు. డాక్టరమ్మ సూది వేసి పక్కగదిలోకి వెళ్లింది. పిల్ల మాత్రం ఈయన చేతుల్లోంచి దిగలేదు. చొక్కా గుండీ కొరుకుతూ ఉండిపోయింది. తమ్ముడు చేతులు చాపి పిలిచినా తల తిప్పలేదు.

"మోకాలి సంగతి వదిన చెప్పిందన్నయ్యా. వచ్చి ఒక్కసారి చూపించు. పేరు వేయిస్తానన్నాను, వేయిస్తా. దీనికి కూడా నువ్వే నేర్పు. నా మాట అసలు వినడం లేదు" అన్నాడు తమ్ముడు, చాపిన చేతులు అలాగే పెట్టి.

ఆ చేతులకేసి, ఆ ముఖంలో కొత్తగా కనపడుతున్న చిన్నబుచ్చుకోడం కేసి అన్న చూశాడు. కుక్కపిల్లను ఇంకాస్త దగ్గరికి తీసుకున్నాడు.

"పేరు నాకొద్దులేరా, నువ్వే ఉంచుకో. దీనికంటావా, నేర్పుతాను. నేర్పితే ఇది నా వెనకే తిరుగుతుంది. నువ్వు పిలుస్తుంటే నాకేసి చూస్తుంది. అది చూసి ఓర్చుకోగలవా? నాకైతే ఇన్నేళ్లయినా చేతకాలేదు" అన్నాడు.