పాతిల్లు అనే ఫోల్డర్

చనిపోయినవాళ్లు తిరిగొస్తారని మా ఇంట్లో ఎవరూ నమ్మరు. వాళ్లు ప్రభువులో నిద్రిస్తున్నారని, పిలుపు వచ్చేదాకా లేవరని నాన్న చెప్పేవాడు. దయ్యాలంటే నాకు భయం లేదు, ఆసక్తీ లేదు. ఇప్పటికీ నమ్మను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మాది సూర్యాపేట. కాలు సరిగా లేక నేను బడికి పోలేదు. అక్షరాలు అమ్మ నేర్పింది, కంప్యూటర్ అన్న నేర్పాడు. ఇద్దరికీ రుణపడి ఉన్నాను.

అన్న మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో పనిచేసేవాడు. వడ్ల లారీలను వరుసగా కాంటా మీదికి పిలవడానికి పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాం రాసి, తన గొంతే రికార్డు చేసి పెట్టాడు. లారీ నంబరు కొడితే స్పీకర్లో అన్న పిలిచేవాడు. చివర్లో "మెల్లగ రా అన్నా, తొందరేం లేదు" అనేవాడు. డ్రైవర్లు నవ్వుకునేవాళ్లు.

పచ్చకామెర్లతో అన్న పోయాడు. కాంటా గదిలో ఆ పని మిల్లువాళ్లు వదినకిచ్చారు. దేవుడు వాళ్లను చల్లగా చూడాలి. వదిన రోజంతా ఆ గొంతు వింటూ కూర్చునేది. ఏడ్చేది కాదు. నేనూ ఏడవలేదు. మొద్దుబారిన చేతిని గిల్లుకుంటే ఎట్లా ఉంటుందో, ఆ రోజుల్లో మాకు అన్నీ అట్లాగే ఉండేవి.

తెలంగాణ రాకముందు, కరెంటు కోతలు బాగా ఉన్న ఒక ఎండాకాలం, మిల్లులో ఆ కంప్యూటర్ కాలిపోయింది. డిస్కు మాత్రం బతికింది. కోదాడలో కొత్తది కొన్నారు. దాంట్లో కంప్యూటర్‌ను నడిపే లినక్స్ కొత్తది, పైథాన్ కూడా కొత్తదే. అన్న రాసిన తీరు దానికి నచ్చలేదు, ప్రోగ్రాం నడవలేదు. షాపాయనకు ఫోన్ చేశాను. "అంత పాతది ఇప్పుడెవరు పెట్టుకుంటారండీ, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించేసుకోండి" అన్నాడు.

మిల్లు యజమాని వదినతో, "ఏమ్మా, మీ ఆయనకు ఇగ రిటైర్మెంట్ ఇద్దామా? సోమారం దాక సూస్త. కాకుంటే హైదరాబాద్ నుంచి వేరేది తెప్పిస్త" అన్నాడట. వదిన ఆ కొత్త కంప్యూటర్ డబ్బాను బస్సులో సూర్యాపేటకు తెచ్చి నా ముందు పెట్టింది.

"గొంతు ఫైళ్లల్ల ఉన్నది వదినా. ఎప్పుడంటే అప్పుడు వినొచ్చు" అన్నాను.

"ఫైళ్లల్ల ఉంటే నేనేం జేస్కోను? ఆయన పని మీద ఉండాలె. నువ్వు ఆయన శిష్యురాలివి గద, జర సూడు."

కొత్త పైథాన్‌ను తీసేయకూడదు. లినక్స్ తన సొంత పనులకే దాన్ని వాడుకుంటుంది. పాతదాన్ని దాని మీద ఎక్కిస్తే అంతా పాడవుతుంది. వేరే ఫోల్డర్లో, పక్కన పెట్టాలి. అన్న ఇలాంటివాటికి "పాతిల్లు" అని ఒక ఫోల్డర్ చేసుకునేవాడు. "కొత్తిల్లు కట్టినంక పాతిల్లు కూలగొడ్తమా? వడ్లు పోస్కుంటం" అనేవాడు. నాకు ఆ పేరు పెట్టడానికి చేయి రాలేదు. అందరూ పెట్టే మామూలు ఫోల్డర్ పేరే ఇచ్చాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక కూర్చున్నాను. పాత పైథాన్ సోర్సు నెట్‌లోంచి దింపి, దాన్ని ఈ కంప్యూటర్లో నడిచేలా తయారుచేసే పని, కంపైల్, మొదలుపెట్టాను. నడిచి నడిచి, తనకు కావాల్సిన లైబ్రరీ ఫైలు ఒకటి దొరకలేదని ఆగిపోయింది. ఆ లైబ్రరీ అక్కడే ఉంది, దానికే కనిపించడం లేదు. ఎన్ని విధాలా చూపించినా చూడలేదు. మధ్యాహ్నం పన్నెండింటికి ఎప్పటిలాగే కరెంటు పోయింది. మాకు ఇన్వర్టర్ లేదు. స్క్రీన్ నల్లబడింది.

మోకరించాను. పని కావాలని అడగలేదు. కాలేదని వదినకు చెప్పే బలం ఇమ్మని అడిగాను. తర్వాత ఇద్దరం గచ్చు మీద పడుకున్నాం.

మూడింటికి ఫ్యాన్ తిరిగితే మెలకువ వచ్చింది. మళ్లీ మొదటి నుంచి చేద్దామని కంప్యూటర్ ఆన్ చేశాను. ఫోల్డర్లలో "పాతిల్లు" అని ఒకటి ఉంది. లోపల పాత పైథాన్, ఏ లోటూ లేకుండా. ప్రోగ్రాం నడిపాను.

"మెల్లగ రా అన్నా, తొందరేం లేదు."

వదిన లేచి కూర్చుంది. "అయిందా?"

"అయింది."

"మరి గట్ల సూస్తున్నవేంది?"



ఆ ఫైళ్లు తయారైన సమయం చూశాను. రెండు దాటాక. కంప్యూటర్ గడియారం నా ఫోన్‌లో టైంతో సరిపోయింది. ఆ వేళకు వీధి మొత్తానికి కరెంటు లేదు. మా వెనక పిండిగిర్నీ కూడా మూడింటిదాకా ఆగే ఉందని వెళ్లి అడిగి తెలుసుకున్నాను. వదినకు కంప్యూటర్లో నంబర్లు కొట్టడం తప్ప వేరే పని రాదు. కోదాడ షాపాయనకు చెబితే, "మీరే చేసి మర్చిపోయుంటారండీ" అన్నాడు. అయ్యుండొచ్చు. కరెంటు లేకుండా ఎట్లా చేశానో మాత్రం ఆయనా చెప్పలేదు.

సోమవారం సాయంత్రం వదిన మిల్లు నుంచి ఫోన్ చేసింది. వెనక లారీల చప్పుడు.

"డ్యూటీ ఎక్కిండు" అని పెట్టేసింది.

పడుకునే ముందు, ఆ రోజు మేలు చేసినవాళ్లను పేరుపేరునా తలచుకుని స్తోత్రం చెప్పడం నాకు అలవాటు. ఆ ఆదివారం నుంచి ఒక్క చోట ఆగిపోతున్నాను. దేవునికి చెప్పాను, రోజూ చెబుతాను. ఆయన చేయలేనిది లేదు. కానీ ఆ ఫోల్డర్ పేరు దగ్గరికి వచ్చేసరికి మాట నిలిచిపోతుంది. ఎవరికి చెప్పాలో ఇప్పటికీ తేలలేదు. అందుకని ఆ ఒక్క మేలుకు మాత్రం, పేరు లేకుండా చెప్పుకుని మోకాళ్ల మీంచి లేస్తున్నాను.