మూడో జాతి సోయకూర

కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ఆయన్ని అందరూ గొడుగుల మాస్టారు అనేవారు. సోయకూర, సోంపు, జీలకర్ర, వాము, కొత్తిమీర, క్యారెట్... పూలు గొడుగులా విచ్చుకునే ఆ కుటుంబమంటే ఆయనకు ప్రాణం. సొంత కుటుంబం సంగతి అడక్కండి. సోంపుని ‘పెద్ద జీలకర్ర’ అన్నాడని ఒక కిరాణా కొట్టు యజమానితో శాశ్వతంగా తెగతెంపులు చేసుకున్న మనిషి.

ఆయన బావమరిది ఇంకో కాలేజీలో అదే పాఠం చెప్పేవాడు. ఒక ఆదివారం భోజనాల దగ్గర ఇద్దరికీ చెడింది.

“మనం తినే సోయకూర వేరే జాతి. అనీథం సోవా,” అన్నాడు మాస్టారు.

“వేరేం కాదు బావా. విదేశాల్లో పండే సీమ సోయకూరా ఇదీ ఒకటే, అనీథం గ్రేవియోలెన్స్. గింజ కాస్త సన్నగా ఉంటే జాతి మార్చేస్తారా? ఆ లెక్కన మిమ్మల్నీ నన్నూ ఒక జాతిలో వెయ్యకూడదు.”

బావమరిది పుల్లలా ఉంటాడు. మాస్టారి పొట్ట అప్పటికే బల్లని ఆనుకుని ఉంది. ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

తన మాట నెగ్గించుకోవాలని మాస్టారు పెరట్లో రెండు రకాల గింజలూ పక్కపక్కనే చల్లాడు. చెరో బోర్డు పాతాడు. మధ్యలో జానెడు దారి వదిలి, అదే సరిహద్దన్నాడు. పూలు పూశాక ఈగలూ తేనెటీగలూ ఆ బోర్డులు చదివే తీరిక లేక అటూ ఇటూ తిరిగాయి. ఆ గింజలే మళ్లీ చల్లితే, కొన్ని మొక్కలు ఇదీ కాక అదీ కాక పెరిగాయి. వాటికీ నిక్షేపంగా గింజలు కట్టాయి. అవీ మొలిచాయి.

రెండూ ఒకే జాతి కాబట్టి కలిసిపోయాయని ఎవరికైనా తెలుస్తుంది. మాస్టారికి మాత్రం ఇంకోలా తెలిసింది.

“మూడో జాతి పుట్టింది. నా పేరు పెడుతున్నాను,” అన్నాడు భార్యతో.

ఆవిడ ఆకు నలిపి వాసన చూసింది. “గ్రేవియోలెన్స్ అంటే ఘాటు వాసన గలదని మీరేగా చెప్పారు. ఇదీ అదే వాసన. పాపం, దానికి మీ పేరెందుకండీ?”

ఆయన వినలేదు. మొక్కని ఎండబెట్టి, అట్టకి అంటించి, మొక్కలు భద్రపరిచే మ్యూజియానికి పట్టుకెళ్లాడు. అక్కడి అధికారిణి భూతద్దంలో చూసి, “మామూలు సోయకూరండీ,” అంది. తెచ్చినవారి పేరు అట్ట మూలన రాసి, మామూలు సోయకూర అరలోనే పెట్టింది.

ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు. ఈ గోడు అర్థమయ్యేది ఊళ్లో ఒక్కడికే. వెళ్లి బావమరిది తలుపు తట్టాడు.

“రండి బావా,” అన్నాడతను, నిన్ననే కలిసినట్టు.

“మ్యూజియంలో నా మొక్క పెట్టారోయ్,” అన్నాడు మాస్టారు కూర్చుంటూ.

“ఏ అరలో బావా?”

మాస్టారు మంచినీళ్లు అడిగాడు.