కిరాయింట్ల సావొద్దన్నరు

మా బిడ్డ కరీంనగర్ల డిగ్రీ సదివేటప్పుడు, పరీక్షల ముంగట గైడు పట్టుకొని ఇల్లంత తిరుక్కుంట సదివేది. ఒకనాడు "చైనా సమాజం మీద కన్ఫ్యూషియస్ ప్రభావం" అని మొదలువెట్టింది. తల్లిదండ్రుల మాట జవదాటొద్దు, పెద్దలకు మర్యాద ఇయ్యాలె, పెద్దకొడుకు కన్నోళ్లను కడదాక చూడాలె, పోయినంక గూడ కొలవాలె అని వేళ్లు మడిచి లెక్కవెడుతాంది. నేను బియ్యంల రాళ్లు ఏరుకుంట వింటున్న. ఆఖరుకు ఉండవట్టక "గిదేం సదువే, గిదంత నేను కాగజ్‌నగర్ల కండ్లార జూసిన" అన్న. "నువ్వు చైనాకు ఎప్పుడు పోయినవే అవ్వా?" అని పక్కున నవ్వింది. నేనేడికీ పోలే. వాళ్లే మా ముందటర్రల కిరాయికి దిగిన్రు. ఆ ముచ్చట బిడ్డకు పూర చెప్పాలంటే గూడ నాకు పానం అలిసొస్తది. అందుకే ఇప్పుడు రాస్తున్న.

డెబ్బై ఒకటో, రెండో. నేను ఆ ఇంటికి కోడలిగ వచ్చి కొన్నేండ్లయింది, సంకల ఒకడు, కడుపుల ఒకతి. మా ఇంటాయన మిల్లుల పని. రెండర్రల ఇల్లు, మా మామ కట్టిచ్చింది. మామ అప్పటికే లేడు. ఎనకర్రల మేము, అత్త, పిలగాడు. ముందటర్ర కిరాయికి. మిల్లు పనికని బిహారోళ్లు, బంగాలోళ్లు, మరాఠోళ్లు ఏడేడికెల్లో వచ్చి ఉండేటోళ్లు గనుక మా ఊర్ల ఎవలొచ్చినా ఇచ్చిత్రం లేకుండె. కని చీనోళ్లు అనంగనే బజారంత మా వాకిట్ల నిలవడ్డది. చీనా లడాయి అయి అప్పటికి ఎన్నో ఏండ్లు గాలే. "జర పైలం, గూఢచారులేమో" అని మా అత్త చెవుల ఊదిపోయినోళ్లు గూడ ఉన్నరు.

కిరాయికి దిగినాయన పండ్ల డాక్టర్. కలకత్తల పుట్టిండు, చైనా మొఖం ఆయన గూడ చూడలే. స్టేషన్ రోడ్డుల ఒక దుకాణం తీసుకొని, ముంగట ఎర్రటి చిగుర్లు, తెల్లటి పండ్ల బొమ్మ గీపిచ్చిండు. ఊరు దాటి ఏడికన్న పోవాలంటే ఠాణల చెప్పి కాగిదం తెచ్చుకోవాలె పాపం. ఎంట పెండ్లాం, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి. ఆ తల్లిని వాడకట్టంత చీనవ్వ అన్నరు, ఆయన పెండ్లాన్ని డాక్టరమ్మ అన్నరు. ఆయనైతే మా భాషను ఇట్ల వట్టుకున్నడు, ఆర్నెల్లల్ల మాతోని మా లెక్కనే మాట్లాడవట్టె.

ముందటర్ర గోడకు ఆయన తండ్రి ఫోటో ఉండె. అన్నం వండంగనే ఒక గిన్నెల పెట్టి ఫోటో ముంగట వెట్టి, ఊదుబత్తి ముట్టిచ్చి, అటెన్క చీనవ్వకు, ఆమె తిన్నంక ఆయనకు, పిల్లలకు, ఆఖరుకు అడుగుబొడుగు డాక్టరమ్మకు. మేము పెద్దలకు పెత్రమాసనాడు ఏడాదికొక్కపారి పెడ్తం. వీళ్లకు రోజూ పెత్రమాసనే. నల్ల కాడ బిందెలు పెట్టుకొని ఇద్దరం కూసుంటే డాక్టరమ్మ చెప్పేది. వాళ్ల దిక్కు ఎనుకట, వేల ఏండ్ల కింద, ఒక పెద్ద గురువు ఉండెనట. ఎవలు ఎవలికి లేవాలె, ఎవలు ఎవలి మాట వినాలె, అంత ఆయననే చెప్పి పెట్టిండట. "మరి కోడలు మాట ఎవలు వినాలెనో చెప్పలేదా మీ గురువు?" అని నేనడిగితే కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది. మాకు అసొంటి గురువు లేకున్నా మా ఇంట్ల గూడ గంతే అని చెప్పిన.

చీనవ్వ, మా అత్త అరుగు మీద కూసుంటే చూడాలె. ఈమెకు ఆమె భాష రాదు, ఆమెకు ఈమె భాష రాదు. అయినా పొద్దీకేదాక ముచ్చటే! ఈమె మోకాళ్లు చూపిస్తే ఆమె నడుము చూపిస్తది. ఇద్దరు కలిసి కోడండ్ల మీద చాడీలు చెప్పుకుంటున్నరని నేను, డాక్టరమ్మ కడుపు చెక్కలయ్యేటట్టు నవ్వేటోళ్లం.

గసొంటి చీనవ్వకు ఒక ఎండకాలం పానం బాగలేకుంటయింది. తిండి పోదు, కాళ్లు వాసినయి. దవాఖానకు తోల్కపోతె ఇగ ఇంటికి తీస్కపొండ్రి, ఎన్నో దినాలు లేదన్నరు. డాక్టర్ సాబ్ దుకాణం బందువెట్టి, తల్లి మంచాన్ని ఫోటో ముంగటికి జరిపి, పక్కన కింద కూసున్నడు. తల్లి పానం పోయేటప్పుడు తామున్న ఇంట్ల, పెద్దల ఫోటో ముంగట, పెద్దకొడుకు చేతుల పోవాలెనట. బయట పోతే ఆ పానం ఇల్లు దొరకక తిరుగుతదట. గది వాళ్లకు అన్నిటికన్న పెద్ద భయం.

మా అత్తకు ఇంకో భయం. మా దిక్కు ఎరికే గదా, చెడ్డ నక్షత్రంల ఇంట్ల పీనుగ లేస్తే ఆ ఇల్లు ఇడిసిపెట్టి నెలలకు నెలలు తాళం వెయ్యాలె. మామ పోయినప్పుడు గట్లనే అయ్యిందట. వానకాలంల పిల్లలను ఏస్కొని ఒకల కొట్టంల తలదాచుకున్నదట. ఆ కొట్టంలనే జరమొచ్చి ఆమె చిన్నబిడ్డ పోయింది. మాకైతే ఆ బిడ్డ ముచ్చట ఎన్నడూ ఎత్తకపోవు. పంచాంగం చూసే అయ్యగారు వచ్చి, ఈ వారమంత నక్షత్రాలు మంచిగ లేవన్నడు. ఇగ అంతే. అప్పటికి నాకు తొమ్మిదో నెల.

"ఇంట్ల పీనుగ లేవద్దు. వాళ్లను తీస్కపొమ్మను" అన్నది అత్త. డాక్టర్ సాబ్ కట్టిన పండ్లు పెట్టుకొనే అన్నది ఆ మాట. మా ఇంటాయన ఆమె మాటకు ఎన్నడూ ఎదురు చెప్పినోడు కాదు. తల దించుకొని నాకు చెప్పిండు. నేను డాక్టరమ్మకు చెప్పాలె. మా ఇండ్లల్ల మాట గట్లనే మెట్టు మెట్టు దిగొస్తది, ఆఖరుకు వచ్చి కోడలి మీద పడ్తది. అడకత్తెర్ల పోకచెక్క లెక్కయింది నా పని. పొయ్యి చెప్పిన. డాక్టరమ్మ ఏడ్వలే, కొట్లాడలే. "ఆయనకు చెప్త అక్కా" అన్నది. నన్ను ఒక్క తిట్టు తిట్టినా బాగుండు అనిపిచ్చింది.

కొద్దిసేపటికి ఆయన ఎనకర్రలకు వచ్చిండు. అత్త మంచం మీద కూసోని ఉన్నది. ఆయన రెండు మోకాళ్ల మీద కూసోని, నుదురు నేలకు ఆనిచ్చి మొక్కిండు. మళ్ల లేచి మళ్ల ఆనిచ్చిండు. "అవ్వా, కొన్ని దినాలే. మా అమ్మను ఫోటో ముంగట పోనియ్యి. అటెన్క ఇల్లంత సున్నం ఏపిస్త, మీకు ఏడ కావాల్నంటె ఆడ ఇల్లు సూపిస్త" అన్నడు. కన్నకొడుకు గూడ ఎన్నడూ గట్ల మొక్కలే ఆమెకు. అత్త కాళ్లు మంచం మీదికి గుంజుకున్నది. "నాకు మొక్కకు బిడ్డా, నాకు మొక్కకు" అనుకుంట గోడకు ఒదిగి, నా కడుపు దిక్కు చూసి, "ఒద్దు. ఇగో ఇది నిండు నెలలది. నా ఇంట్ల ఒద్దు" అన్నది. ఆమెది తప్పు అందమంటే నోరు రాదు. ఒప్పు అందమంటే అసలే రాదు.

గోడ అవుతల చీనవ్వకు అంత తెలిసింది. భాష రాకున్నా ఆ వయసోళ్లకు గొంతు తోనే తెలుస్తది. కొడుకును పిలిచింది. ఏం జరిగిందో ఎనుక డాక్టరమ్మ చెప్పింది నాకు. "ఇంటి పెద్దది ఒద్దన్నంక ఉండుడు మర్యాద గాదు, నన్ను తీస్కపో" అన్నదట చీనవ్వ. కొడుకు ఒద్దన్నడట. పుట్టిన కాడికెల్లి తల్లికి ఒద్దు అన్నది అదొక్కసారేనట. "నా మాట వింటవా, వినవా?" అన్నదట ఆమె. ఇగ ఏం జేస్తడు? తల్లిని ఇంట్ల పోనిచ్చుడు కొడుకు ధర్మం. తల్లి మాట వినుడు గూడ కొడుకు ధర్మమే. ఆ గురువెవలోగని, గిసొంటి కష్టమొచ్చినోనికి ఏం జెయ్యాల్నో ఒక్క ముక్క చెప్పిపోలేదా అని నేను ఇప్పటికీ అనుకుంట.

పట్టపగలు, తల్లిని ఈపున ఎక్కిచ్చుకొని తన దుకాణానికి మోసుకపోయిండు. రిక్ష తెస్తమంటే ఒద్దన్నడు. ఎనుక డాక్టరమ్మ, ఆమె చేతుల వాళ్ల మామ ఫోటో. స్టేషన్ రోడ్డుల చాయ్ తాగెటోళ్లు గిలాసలు దించి లేచి నిలవడ్డరట. ఆ దుకాణం కిరాయికిచ్చిన సేటు మంచోడు, "దుకాణంల ఎవలు పండుకుంటరు గనుక, పెట్టుకో" అన్నడు. పండ్లు పీకే కుర్చీని పక్కకు జరిపి మంచం ఏసిన్రు. నేను గంజి కాసుకొని పోయిన. అత్త చూసింది గని పోవద్దనలే. లోపట లవంగం నూనె వాసన. చీనవ్వ నన్ను చూసి, నా కడుపు మీద చెయ్యి వెట్టి, ఇంటికి పొమ్మని సైగ చేసింది. తొవ్వ పొంట ఏడ్సుకుంట వచ్చిన. తెల్లారి ఆమె పోయింది.

ఎవలూ సావని ముందటర్రను పెండనీళ్లతోని కడగమన్నది అత్త. నిండు గర్భంతోని వంగి కడిగిన. సచ్చినోళ్ల కండ్లు చారెడన్నట్టు, గూఢచారులన్నోళ్లే వచ్చి "ఎంత మర్యాదస్తురాలు" అని నోరు కొట్టుకున్నరు. నాకు వినుడే యాష్టకొచ్చింది.

వాళ్లు మళ్ల రారనుకున్న. వచ్చిన్రు. గోడకు ఇప్పుడు రెండు ఫోటోలు. ఆయన మాంసం మానిండు, నవ్వు మానిండు. మా అత్త వాకిట్లకు వస్తె చాలు, ఏ పని మీద ఉన్నా లేచి, చేతులు కట్టుకొని, ఆమె పోయేదాక నిలవడేది. తన తల్లికి ఎట్ల నిలవడ్డడో గట్లనే. పండుగొస్తె మొదటి పండు ఆమెకే. ఎత్తిపొడుపు అందమంటే మొఖంల మన్నన తప్ప ఏం కానరాకపోవు. అత్తకు అది ముల్లు లెక్క గుచ్చుకున్నది. అరుగు మీద కూసునుడు బందువెట్టింది. ఎనక దర్వాజకెల్లి తిరుగవట్టె. తిండి తగ్గింది.

ఒకనాడు నన్ను పిలిచి, "ఆయనకు చెప్పవే. నన్ను ఒక్కపారి తిట్టమను. నోటికెంతొస్తె అంత తిట్టమను, నేనేం అన" అన్నది.

పొయ్యి చెప్పిన. ఆయన గోడ మీది తల్లి ఫోటో దిక్కు చూసిండు. "మా అమ్మ పోయేటప్పుడు ఒక్కటే చెప్పింది భాబీ. ఇంటామెను ఒక్క మాట అనకు, నాకు ఇచ్చినట్టే ఆమెకు మర్యాద ఇయ్యి అని. మా పెద్దగురువు చెప్పిన లెక్క తల్లిదండ్రి పోయినంక మూడేండ్లు వాళ్లు నడిచిన తొవ్వనే నడవాలె. ఎట్ల తిట్టాలె నేను?" అన్నడు.

వచ్చి అత్తకు చెప్పిన. ఆమె చాన సేపు పైట కొసను ముడేసుకుంట, ఇప్పుకుంట కూసున్నది.

"మూడేండ్లయినంకనన్న తిడ్తడట్నా?" అన్నది.

"ఏమో అత్తా."

"పొయ్యి అడుగు."

పెద్దోడు ఏడుస్తాండు, చంకల పసిది పాలకు గుంజుతాంది, పొయ్యి మీద అన్నం మాడుతాంది. ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసి మోసి నా కాళ్లు గుంజుకపోయినయి. "నాకు శాతగాదు. నువ్వే పొయ్యి అడుగు" అన్న. పెండ్లయినంక ఆమెకు ఎదురు చెప్పుడు అదే మొదలు.

ఆమె నా మీదికి కోపం జెయ్యలే. లేచి, కొంగు సదురుకొని, ముందటర్ర దర్వాజ దాక పోయింది. ఆయన ఆమెను చూసి, చేతులున్న గిన్నె కింద పెట్టి, దిగ్గున లేచి నిలవడ్డడు. అత్త అడగవోయినదాన్ని అడగకుంటనే దర్వాజ కాడికెల్లి మర్లింది. ఎనుకకు వచ్చి, గోడ దిక్కు మొఖం పెట్టి పండుకున్నది.