రోజూ సాయంత్రం మా అరుగు మీదకొచ్చిన పైడమ్మ

నిన్న పొద్దున్నే ఫోన్ మోగింది. పైడమ్మ కొడుకు.

"అత్తా... అమ్మ పోనాది."

ఏ అమ్మ అని అడిగాను. నిజంగా అలాగే అడిగాను. బుర్ర పనిచెయ్యలేదు.

మొన్ననే కదా మాట్లాడింది! మునక్కాడలు విరగకాశాయి వదినా, సాలూరు నుంచి మీ విజయనగరం ఎవరైనా వస్తే చెప్పు, పంపిస్తాను అంది.

ఇంకా నమ్మలేకపోతున్నాను.

ఆమె మా పిల్లలకు సొంత మేనత్త అనుకుంటారు చాలామంది. మాకు రక్తసంబంధం ఏమీ లేదు. ఆమె ఎవరో ఈరోజు చెప్పాలనిపించింది. టైపింగ్‌లో తప్పులుంటే సర్దుకోండి.

అరవైల చివరి రోజులు. మేం సాలూరులో ఉండేవాళ్లం. అప్పుడది శ్రీకాకుళం జిల్లా.

మా ఆయన, పైడమ్మ భర్త గౌరినాయుడు ఒకే లారీ మీద డ్రైవర్లు. ఒకరు నడుపుతుంటే ఒకరు నిద్రపోయేవారు.

ఒరిస్సా నుంచి చింతపండు లోడ్‌తో ఘాట్ దిగుతుండగా బ్రేకులు ఫెయిలయ్యాయి. స్టీరింగ్ మా ఆయన చేతిలో ఉంది.

గౌరినాయుడు అక్కడికక్కడే పోయాడు. మా ఆయనకు చెయ్యి విరిగింది, అంతే.

పైడమ్మకు ఇరవై ఏళ్లు నిండాయో లేదో. చంకలో పిల్లాడు.

మా ఆయన చెయ్యి అతుక్కుంది గానీ మనిషి మునుపటిలా లేడు.

సారా మొదలుపెట్టాడు. నిషేధం ఉన్న రోజులే, అయినా దొరికేది. కంటి మీద కునుకు లేదు. లారీ హారన్ వినబడితే చెవులు మూసుకుని గోడ మూలకు పోయేవాడు. సాలూరులో హారన్ వినబడకుండా ఎక్కడికి పోతాం?

పెరట్లో ఒక్కడే నిలబడి గౌరినాయుడితో మాట్లాడేవాడు. "ఒరే, దూకీరా... దూకీరా" అని, ఇంకా ఆ ఘాట్ మీదే ఉన్నట్టు.

గౌరినాయుడు దయ్యమై పట్టాడన్నారు. భూతవైద్యుణ్ని తెచ్చి వేపమండలతో కొట్టించారు. ఆఖరికి మా మావగారు ఆయన్ని పశువుల శాలలో రాటకి కట్టేశారు. ఆ పెద్దాయన్నీ తప్పుపట్టలేను. కొడుకు తాగి లారీల కింద పడబోతుంటే ఏం చేస్తాడు?

ఆ రోజే పైడమ్మ వచ్చింది.

వీధిలో వాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చేశారు. తిట్టిపోస్తుందనుకున్నాం.

ఆమె తిన్నగా శాలలోకి వెళ్లి, ఆయన్ని చూసి, నా వైపు తిరిగింది.

"వదినా, ఏటైనా తిన్నాడా?"

లేదని తల అడ్డంగా ఊపాను.

"ముందు ఆ తాడు ఇప్పీ. అంబలుంటే అట్టుకురా."

తాడు విప్పి, రాగి అంబలి తెచ్చాను. ఆమె ఆయనకు ఎదురుగా నేల మీద కూర్చుంది. ఆయన తల ఎత్తలేదు.

"అన్నియ్యా, నీ మీద నాకు కోపం నేదని సెప్పను. ఉన్నాది. కానీ నువ్వు కూడా పోతే నానేటి సెయ్యాల? ఆయన సంగతులు నాకు సెప్పడానికి ఇంకెవులున్నారు? పెళ్లయినకాడి నుంచి ఆయన రోడ్డు మీదే ఉన్నాడు. నాకంటే నీకే ఎక్కువ తెలుసు."

మా ఆయన భోరుమన్నాడు. యాక్సిడెంట్ అయ్యాక ఆయన ఏడవడం అదే మొదటిసారి.

పైడమ్మ మాట మీద ముగ్గురం బస్సెక్కి విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్లాం. సారా ఒక్కసారిగా మానేసరికి ఆయనకు ఒళ్లంతా వణుకు, ఫిట్స్. వార్డు వరండాలో చాప పరుచుకుని మేమిద్దరం, ఆమె పిల్లాడు అక్కడే ఉండిపోయాం.

డాక్టరుగారు మంచి మనిషి. "దయ్యం కాదమ్మా, జబ్బు" అన్నారు. మందులతో పాటు వేళకు తిండి, నిద్ర, చేతికేదో పని, పక్కన ఒక మనిషి, ఇవన్నీ ఉండాలన్నారు.

ఇంటికొచ్చాక సాయంత్రాలే పెద్ద గండం. పొద్దు వాలితే చాలు, ఆయన కాలు ఇంట్లో నిలిచేది కాదు.

సరిగ్గా ఆ వేళకే పైడమ్మ వచ్చేది. అరుగు మీద కూర్చునేది.

"అన్నియ్యా, ఇయ్యాల ఒకటి సెప్పు."

ఆయన చెప్పేవాడు. ఒరిస్సాలో ఏదో సంతలో గౌరినాయుడు పెళ్లానికి గాజులు కొనబోయి, సైజు తెలియక, అమ్మే ఆవిడ చేతికే తొడిగి చూస్తానని తన్నులు తినబోయిన సంగతి చెప్పాడోసారి.

"అవి నాకు పట్టనేదు అన్నియ్యా!" అని పైడమ్మ పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే తన బోసి చేతులు చూసుకుంది. ఇక ఆపుకోలేక ఏడ్చేసింది. ముగ్గురం ఏడ్చాం.

ఆ సాయంత్రం అలా గడిచింది.

మొగుడు పోయిన పిల్లకి ఆ ఇంటి దగ్గరేం పని అని ఊళ్లో మాటలు. పైడమ్మ అన్న వచ్చి ఆమె చెయ్యి పట్టి లాగాడు. "నా మొగుడి కబుర్లు ఇనడానికి వస్తన్నాను. నువ్వు సెప్పగలవేటి?" అంది. అతను ఆ చెయ్యి వదిలేసి వెళ్లిపోయాడు.

మధ్యలో మా ఆయన మళ్లీ తాగాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

పైడమ్మ మాత్రం ఆయన్ని తిట్టలేదు. "జరం తగ్గినాక మల్లీ రాదేటి వదినా? రేపు బస్సెక్కుదుం" అంది.

ఎక్కాం.

ఆయన మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. పంచర్ల షాపు పెట్టుకున్నాడు. ఆ హారన్ల మధ్యే ముసలివాడయ్యాడు, మనవల్ని ఎత్తుకున్నాడు. సొంత మంచం మీద నిద్రలో పోయాడు.

తర్వాత తర్వాత వేరే డ్రైవర్ల భార్యలు కూడా మొగుళ్లని వెంటబెట్టుకుని మా అరుగు మీదకు వచ్చేవారు. కొందరు బాగుపడ్డారు. అందరూ కాదు. పైడమ్మ సొంత తమ్ముడే ఆ తాగుడికి పోయాడు. ఆ ఏడుపు నా ఒక్కదాని దగ్గరే ఏడ్చింది.

ఇప్పుడు కౌన్సెలింగ్, రిహాబ్ అని ఉన్నాయట, మా మనవరాలు చెప్పింది. మాకు ఆ మాటలు తెలియవు. సాయంత్రమయితే పైడమ్మ వస్తుందని తెలుసు, అంతే.

ఈ మోకాళ్లతో నిన్న సాలూరు వెళ్లలేకపోయాను. వీడియో కాల్‌లో ముఖం చూపించారు. ఏదో చెబుదామని నోరు తెరిచేలోగా సిగ్నల్ పోయింది.

ఆ మాట ఇక్కడ చెబుతున్నాను.

పైడమ్మా, నా మనిషిని నాకు తెచ్చి ఇచ్చావు.

నీ మనిషిని నీకు ఎవరం తేలేకపోయాం.

వెళ్లిరా తల్లీ. ఇక ఎవరి కోసమూ లేవక్కర్లేదు.

హాయిగా పడుకో.